వెంకటేశం పద్దు

కన్యాశుల్కం అనగానే గిరీశం, మధురవాణి గుర్తుకొస్తారు. విమర్శకులూ ఎక్కువగా వాళ్ళ చుట్టూనే తిరిగారు. వెంకటేశాన్ని గిరీశం మాటలకు తాళం వేసే కుర్రవాడుగా చూసి, నవ్వి వదిలేశాం. మొన్న వేసవిలో నాటకం మళ్ళీ చదివాను. ఈసారి అతని దగ్గర నవ్వలేకపోయాను.

1892లో విజయనగరంలో తొలిసారి ఆడి, 1897లో అచ్చయి, 1909లో బాగా మారిన రూపంలో మళ్ళీ వెలువడిన నాటకమిది. ఆ విజయనగరం పలుకు మన బాగేపల్లి చెవికి మొదట కొత్తగా తోచవచ్చు. పైకి చదువుకుంటే నాలుగు పేజీల్లో అలవాటవుతుంది. వెంకటేశం మాత్రం మనకు కొత్తవాడు కాదు. పరీక్ష తప్పాడు. తండ్రికి జవాబు చెప్పుకోవాలంటే భయం. గిరీశం దగ్గర నేర్చిన విద్య చుట్ట కాల్చడం. సెలవుల్లో చదువు చెబుతానని గిరీశమే వెంట వస్తే తిట్లు తప్పుతాయి, ఇంట్లో గొప్పగానూ ఉంటుంది.

బ్యాంకు ఉద్యోగిని కనుక జమాఖర్చులు చూసే అలవాటు పోదు. ఆ ఇంట్లో కొడుకు ఇంగ్లీషు చదువు ఖర్చు పద్దు. చిన్నకూతురు సుబ్బి జమ పద్దు: లుబ్ధావధాన్లు ఇచ్చే 1800 రూపాయలు. ఆ పెళ్ళి వద్దని తల్లి నూతిలో దూకుతుంది. తప్పించడానికి పూనుకున్నది మేనమామ కరటకశాస్త్రి. ఆడవేషం కట్టి పీటల మీద కూర్చున్నది ఆయన శిష్యుడు, పరాయి పిల్లవాడు. గురువు తన కూతుర్నిస్తాడన్న ఆశ వాడికి ఉన్నమాట నిజమే. అయినా సుబ్బికి బదులు మెడ ఒగ్గినవాడు వాడే, అన్న కాదు.

ఈ ఇద్దరు కుర్రవాళ్ళను గురజాడ ఒకే నాటకంలో ఊరికే పెట్టలేదని నా అభిప్రాయం. మెప్పు కావాలి, బాధ్యత వద్దు అనే పిల్లవాడే పెరిగి గిరీశమవుతాడు. గిరీశానికి చివర సౌజన్యారావు ఎదుట లెక్క తేలుతుంది. వెంకటేశానికి తేలదు. దీన్ని లోపమనేవారు ఉండవచ్చు. నాకలా తోచలేదు. అలాంటి కొడుకును ఇంట్లో ఎవరు లెక్క అడుగుతారు?

నేను చింతామణిలో ఏడో తరగతి చదివేటప్పుడు మా చెల్లిని నాలుగుతోనే బడి మాన్పించి పట్టుపురుగులకు ఆకు వేసే పనిలో పెట్టారు. గూళ్ళు శిడ్లఘట్టలో అమ్మిన డబ్బుతో నాకు ఫీజు కట్టి, కొత్త చొక్కా కొన్నారు. నాకు అంతా తెలుసు. ఒక్కమాట అడగలేదు. ఆ చొక్కా వేసుకుని స్నేహితుల మధ్య తిరిగాను. చెల్లి ఈనాటికీ పాసుబుక్కు నా చేతే చదివించుకుంటుంది.

మన పిల్లలకు బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. ఈ నాటకం వాళ్ళకు మనమే చదివి వినిపించాలి. గిరీశం మాటలకు హాయిగా నవ్వనివ్వండి. తరువాత ఒక్క ప్రశ్న వేయండి: సుబ్బి పెళ్ళి కుదిరినప్పుడు వాళ్ళ అన్న ఏం చేశాడు?