రూపం మార్చే బొమ్మకు అసలైన పరీక్ష

రూపం మార్చే రోబో బొమ్మ విలువను పెట్టె మీది పేరు చెప్పదు. లారీ మనిషిగా మారే ఆ నడిమి దశ చెబుతుంది. కార్టూన్ కథ కోసం పుట్టిన సరుకే కదా అని కొందరు తీసిపారేస్తారు. నిజానికి బొమ్మే ముందు పుట్టింది. జపాన్‌లో టకారా సంస్థ డయాక్లోన్, మైక్రో చేంజ్ పేర్లతో చేసిన బొమ్మలనే అమెరికాకు చెందిన హాస్‌బ్రో 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్‌గా అమ్మింది. వాటిలో ఒకటైన ఆప్టిమస్ ప్రైమ్ కూడా అంతకు ముందు డయాక్లోన్ లారీయే. దాని క్యాబిన్ ఛాతీ అవుతుంది, వెనుక భాగం కాళ్లవుతుంది. ఒక్కో ముక్క రెండు పనులు చేస్తుంది. పిడికిళ్లను మాత్రం విడిగా తగిలించాలి, అవి పోతే బొమ్మ అసంపూర్ణం. తరువాతి నమూనాల్లో పిడికిలిని చేతిలోనే మడిచి దాచడం ఈ విద్య సాధించిన అసలైన ప్రగతి.

పిల్లలకు గట్టిదనం, సేకరించేవారికి పోలిక ముఖ్యం కనుక ఇద్దరికీ ఒకే కొలమానం కుదరదని అనవచ్చు. ట్రాన్స్‌ఫార్మర్స్‌లోనే 2003లో మొదలైన మాస్టర్‌పీస్ శ్రేణి పెద్దల కోసం. చిన్నారులకు రెండు మూడు మలుపుల్లో మారేవి వేరే ఉన్నాయి. మలుపుల లెక్క మారినా పరీక్ష ఒక్కటే. కీలు చేతి బరువును మోయాలి, ముక్క తన చోటికి చేరగానే టక్కున కుదురుకోవాలి, తరువాత ఏది తిప్పాలో ఆకారమే తెలపాలి. బలవంతం చేస్తే తప్ప కదలని కీలు పసివాడి చేతిలోనూ విరుగుతుంది, అద్దాల అల్మరాలో పెట్టేవాడి చేతిలోనూ విరుగుతుంది. ముక్కల సంఖ్య చూసి మురిసిపోకండి. పదేపదే మార్చినా బిగువు సడలనిదే మంచి బొమ్మ.