రెండో తరగతికి మూడు మామిడిపండ్లు

రెండో తరగతి పిల్లల ముందు మామిడిపండు పెట్టి బొమ్మ వెయ్యమంటే చాలామంది పండు వైపు చూడనే చూడరు. గుండ్రంగా ఒక గీత, పైన తొడిమ, దానికి రెండు ఆకులు, లోపలంతా పసుపు. బల్ల మీది పండుకు ఆకు లేదన్న సంగతి వాళ్లకు అడ్డు రాదు. మామిడంటే ఎలా ఉంటుందో ముందే తెలుసు, తెలిసింది వేసేశారు. పిల్లల బొమ్మల్లోని ఈ గుణం గురించి ఫ్రాన్సులో లూకే అనే ఆయన 1927లోనే పుస్తకం రాశాడు. 1972లో ఫ్రీమన్, జానికూన్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక కప్పు తీసుకుని, పిడి కనపడకుండా వెనక్కి తిప్పి, ముందువైపు పువ్వు కనిపించేలా పెట్టి గియ్యమన్నారు. చిన్నవాళ్లు కనపడని పిడిని గీశారు, కళ్లెదుట ఉన్న పువ్వును వదిలేశారు.

కాబట్టి ఏడేళ్ల పిల్లతో ‘చూసి వెయ్యమ్మా’ అని ఊరుకుంటే పని జరగదు. ఒక ప్రభుత్వ బడిలో డ్రాయింగు టీచరొకామె ఈ చిక్కు విప్పే తీరు చూశాను. ఆమె పనితనంలో ముప్పాతిక వంతు పెన్సిలు పట్టకముందే కనిపిస్తుంది.

ఏప్రిల్ నెల, ఒంటిపూట బడి. ఆమె బంగినపల్లి, తోతాపురి, సువర్ణరేఖ తెచ్చి పక్కపక్కన పెట్టింది. ఒక్క పండే ఉంటే పిల్లలు ‘మామిడిపండు’ అనుకుని తల తిప్పుకుంటారు. మూడుంటే తేడాలు వెతకక తప్పదు. “ముక్కు ఎవరికుందిరా?” అంటే అందరి వేళ్లూ తోతాపురి వైపే. బంగినపల్లికి ఒక భుజం ఎత్తుగా ఉందని ఒకడు, సువర్ణరేఖకు ముచ్చిక దగ్గర ఎరుపు పాకిందని ఇంకొకతె కనిపెట్టారు. ఆ తర్వాత వేలి కొసతో తొడిమ దగ్గర మొదలుపెట్టి పండు చుట్టూ మెల్లగా తడమాలి, వంపు మారిన చోట ఆగాలి. పెన్సిలూ అంతే నెమ్మదిగా నడవాలి. రబ్బరు లేదు. గీత తప్పితే దాని పక్కనే ఇంకోటి గియ్యాలి.

అసలు పట్టు కూర్చోబెట్టడంలో ఉంది. ఒక్కో పండు చుట్టూ నలుగురు, నాలుగు వైపులా. తోతాపురి ముక్కుకు సూటిగా ఎదురుగా పడ్డ పిల్లాడికి ముక్కు వంపు తెలియదు, గుండ్రటి ముద్ద కనిపిస్తుంది. వాడు గోల పెట్టాడు: “టీచర్, నా కాయకి ముక్కు లేదు!” ఆమె పండు తిప్పలేదు. “నీకు కనపడకపోతే వెయ్యకు నాన్నా” అంది. వాడు లేచి పక్కవాడి చోటుకెళ్లి ముక్కు ఉందని రూఢి చేసుకుని వచ్చాడు. వచ్చి గుండ్రంగానే వేశాడు. అంటే కప్పు పరీక్షలో చిన్నవాళ్లు తప్పిన మలుపు ఇదే. ఆ మలుపు దగ్గర ఆమె చేసిందల్లా ఒక్క మాట అనడం, పండును కదపకపోవడం. ఉపన్యాసం ఇవ్వాలనిపించే చోట అంత పొదుపుగా ఉండటం ఎంత కష్టమో పాఠం చెప్పినవాళ్లకు తెలుసు.

బొమ్మలయ్యాక ‘బాగుంది, బాగోలేదు’ అనే మాటలే ఉండవు. కాగితాలు కలిపేసి ఇంకో జట్టుకిస్తుంది: ఇది ఏ పండు, వేసినవాళ్లు ఏ వైపు కూర్చున్నారు? పోల్చుకోగలిగితే బొమ్మ గెలిచినట్టు. అందం గురించి దిగులుపడే పిల్లలకు ఈ కొలత ఎంత ఊరటో వాళ్ల ముఖాల్లోనే తెలిసింది. గీతలు ముందే అచ్చేసిన రంగుల పుస్తకాల్లో ఈ అవకాశమే లేదు. అక్కడ చూసే పని ఇంకెవరో చేసేశారు, పిల్లకు మిగిలింది నింపడమే.

రంగులు మైనపు క్రేయాన్లు. ముందు పసుపు, దాని మీద ఆకుపచ్చ, చివర ఎరుపు, తేలిక చేతితో. ముదురు రంగు ముందు పడితే పసుపు మురికవుతుంది. నీడ విషయంలో మాత్రం ఆమెతో నాకు పేచీ ఉంది. పండును ఎత్తి దించి, దానితోపాటు ఏం కదిలిందో అడగడం చక్కగా ఉంది. కానీ ఆ నీడను వెయ్యమనేసరికి సగంమంది నల్ల క్రేయాన్‌తో పండు కింద గొయ్యి తవ్వారు. అది మరో ఏడాది ఆగొచ్చు.

దసరా తర్వాత సీతాఫలం వంతు. పువ్వులో విడివిడిగా ఉన్న అండాశయాలు కలిసిపోయి ఆ పండవుతుంది. ఒక్కో కన్ను ఒక్కోదాని గుర్తు. పిల్లలు ముందు గుండ్రం గీసి లోపల అడ్డదిడ్డంగా వల అల్లేస్తారు, పండు చదునైపోతుంది. అందుకే ఆమె అంచు గియ్యనివ్వదు. తమకు అన్నిటికన్నా దగ్గరగా ఉన్న కన్ను ఒక్కటి ముందు వెయ్యాలి, తర్వాత దానికి ఆనుకున్నవి. పక్కలకు పోయేకొద్దీ అవి ఇరుకవుతున్నాయేమో చూసుకుంటూ పోవాలి. చివరి వరస పూర్తయ్యేసరికి, అంచు గీత అవసరం చాలామందికి ఉండదు.