పాత పిస్టల్‌కు విలువ కట్టేదెలా?

ఐరాల వైపు రైతు సంతలో ఎద్దును బేరమాడే ముందు నోరు తెరిపించి పళ్లు చూస్తాడు, ఆపైన నడిపించి చూస్తాడు. అమ్మేవాడి మాటలు చివరన వింటాడు. పాత టార్గెట్ పిస్టల్ విషయంలోనూ అదే వరస పాటించాలి.

హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో 25 మీటర్ల పిస్టల్ టీమ్ స్వర్ణం అందుకుంది. ఆ దారి పట్టాలనుకునే పిల్లలు మొదలుపెట్టేది 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో. పోటీ స్థాయి కొత్త పిస్టల్ ధర లక్ష రూపాయలు దాటుతుంది. మంచి పాతది ఆ భారం తగ్గిస్తుంది.

ఈ తరహాలో పేరుమోసింది జర్మనీ ఫైన్‌వెర్క్‌బావ్ కంపెనీ 1965లో తెచ్చిన మోడల్ 65. పక్కనున్న మీటను లాగితే స్ప్రింగు బిగుస్తుంది. పేల్చినప్పుడు బ్యారెల్, యంత్రభాగం కలిసి పట్టాల మీద వెనక్కి జారతాయి, పిడి మాత్రం కదలదు. అందుకే చేతికి కుదుపు తెలియదు.

ముందు గుర్తింపు. కంపెనీ పేరు, మోడల్, సీరియల్ నంబరు చెరగకుండా ఉన్నాయా చూడాలి. పంచభుజిలో 'ఎఫ్' అక్షరం ఉంటే 1970 తర్వాత జర్మనీ చట్టం ప్రకారం వేసిన ముద్ర అది. 7.5 జౌళ్లకు మించని శక్తి అని దానర్థం. లేనంత మాత్రాన అంతకు ముందుదని తేల్చేయకూడదు.

తర్వాత ఒంటి పరీక్ష. నంబరు మీద ఆకురాయి గీతలు కనిపిస్తే వదిలేయడమే మేలు. పాత యజమాని తన చేతికి సరిపోయేలా చెక్క పిడిని చెక్కేసి ఉంటే ధర తగ్గుతుంది. మళ్లీ పాలిష్ పట్టి మెరిపించిన లోహం కన్నా, అరిగిన అసలు రంగే విలువైనది. ఏళ్లు గడిచేకొద్దీ లోపలి సీళ్లు పొడిబారతాయి కాబట్టి వాటి మార్పిడి ఖర్చు బేరంలో లెక్కేయాలి.

ఇక ట్రిగ్గర్. పోటీ నియమం ప్రకారం ఎయిర్ పిస్టల్ ట్రిగ్గర్ కనీసం 500 గ్రాముల బరువుకు తట్టుకోవాలి. పెల్లెట్ లేకుండా స్ప్రింగు బిగించి, పిస్టల్‌ను నిట్టనిలువుగా పట్టుకొని, ట్రిగ్గర్‌కు 500 గ్రాముల తూకం తగిలించి మెల్లగా పైకెత్తాలి. తూకం నేల విడిచినా ట్రిగ్గర్ పడిపోకూడదు. పడిపోతే సర్దుబాటు అవసరం. పెల్లెట్ పెట్టేటప్పుడు మీటను చేత్తో పట్టే ఉంచాలి, అది జారితే వేళ్లు నలుగుతాయి.

చివరి సాక్ష్యం కాగితమే. పిస్టల్‌ను దిండు మీద ఆనించి, 10 మీటర్ల నుంచి ఒకే రకం పెల్లెట్లు ఐదు కాల్చాలి. పది పాయింట్ల వలయం వ్యాసం 11.5 మిల్లీమీటర్లు, పెల్లెట్ వ్యాసం 4.5. ఆరోగ్యంగా ఉన్న పిస్టల్ ఐదు దెబ్బలనూ ఆ వలయంలోనే పెడుతుంది. చెల్లాచెదురైతే బ్యారెల్, సీళ్లు, సైట్లు ఒక్కొక్కటిగా పరీక్షించాలి.

తూటా పేల్చే పిస్టల్ ఎంత పాతదైనా 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్సు కావాలి. కాగితాలు లేని ఆయుధాన్ని ఎంత చవకైనా తాకొద్దు. ఎయిర్ పిస్టల్ కొనేముందూ నిబంధనలు కనుక్కోవాలి.

వయసు చూసి ధర పెంచే అమ్మకందారులు చాలామంది ఉంటారు. అసలు భాగాలు, నమ్మదగ్గ ట్రిగ్గర్, కాగితం మీద ముద్దగా పడిన దెబ్బలు, ఈ మూడూ ఉన్న పిస్టల్‌కే డబ్బు పెట్టాలి. అలాంటిది ఒకటి దొరికితే ఒక పిల్లవాడి సాధన ఏళ్ల తరబడి ఆగకుండా సాగుతుంది.