వంకర గట్టు, తిన్నని గీత

ముందు సూత్రం చెప్పి, ఒక లెక్క చేసి చూపి, అదే అచ్చులో పది లెక్కలు ఇవ్వడం గణిత బోధనలో అంతటా కనిపించే వరస కాగా, జపాన్ మాధ్యమిక పాఠశాలల్లో వేళ్లూనిన సమస్యాధారిత బోధన ఆ వరసను తిరగవేస్తుంది. అక్కడ సమస్య ముందు వస్తుంది, పద్ధతి విద్యార్థుల ఆలోచనలోంచి పుడుతుంది. 1995 నాటి టిమ్స్ అంతర్జాతీయ అధ్యయనంలో భాగంగా జపాన్, జర్మనీ, అమెరికా దేశాల ఎనిమిదో తరగతి పాఠాలను వీడియో తీసి పోల్చినప్పుడు ఈ తేడా స్పష్టంగా బయటపడింది.

ఆ వీడియోల్లో పేరుపొందిన ఒక పాఠాన్ని తీసుకుంటే, ఇద్దరి పొలాల మధ్య గట్టు ఒకచోట వంకర తిరిగి ఉంది. ఎవరి విస్తీర్ణమూ మారకుండా దాన్ని తిన్నగా వేయాలి. ఆలోచనను రేపే ఇటువంటి ప్రశ్నను 'హత్సుమోన్' అంటారు. ఒకే భూమిపై, ఒకే సమాంతర రేఖల మధ్య ఉన్న త్రిభుజాల వైశాల్యాలు సమానమని పిల్లలకు అప్పటికే తెలుసు గానీ, ఇక్కడ దాన్ని వాడాలని ఎవరూ చెప్పరు. కంటి అంచనాతో వంపు మధ్యగా గీత గీసేవారికి, రెండు ముక్కలూ సమానమని ఎలా తెలుసునన్న ప్రశ్న ఎదురుకాగానే అంచనాకూ నిరూపణకూ మధ్య దూరం అర్థమవుతుంది. గట్టు రెండు చివరలనూ కలిపి, వంపు బిందువు గుండా ఆ గీతకు సమాంతరంగా మరొకటి గీస్తే, అది పొలం అంచును తాకిన చోటికి ఎదుటి చివర నుంచి వేసే రేఖే కొత్త గట్టు. పోయిన త్రిభుజమూ వచ్చిన త్రిభుజమూ ఒకే భూమి మీద, అవే సమాంతర రేఖల మధ్య ఉన్నవి గనుక ఎవరికీ నష్టం ఉండదు.

పిల్లలు కుస్తీ పడుతున్నప్పుడు ఉపాధ్యాయుడు బల్లల మధ్య తిరగడాన్ని 'కికాన్ షిదో' అంటారు. అతడు జవాబు అందించడు. ఎవరు ఏ దారిన పోతున్నారో గమనించి, ఎవరి ఆలోచన ముందు, ఎవరిది తర్వాత నల్లబల్ల మీదికి రావాలో మనసులోనే నిర్ణయించుకుంటాడు. ఆపైన జరిగే చర్చే 'నెరియగె', అంటే పిసికి పదును తేవడం. ఈ పద్ధతికి ప్రాణం ఇదే, అత్యంత కష్టమైనదీ ఇదే. ఎందుకంటే నాలుగు జవాబులను వరసగా చూపించినంత మాత్రాన తర్కం పెరగదు, ఒకదాన్ని మరొకదానితో పోల్చి, ఇది ఎందుకు చెల్లుతుంది, అది ఎక్కడ ఆగిపోయింది అని పిల్లలచేతనే చెప్పించినప్పుడే పెరుగుతుంది. అందుకే తప్పు జవాబునూ చెరపరు; 'బాన్షో' అనే నల్లబల్ల రాత పద్ధతిలో పాఠం మొదటి నుంచి చివరి దాకా బల్ల మీద నిలిచి, తరగతి నడిచిన దారి మొత్తం ఒక్కచూపులో కనిపిస్తుంది.

యాభై నిమిషాల పీరియడు ఒకటి రెండు సమస్యలకే సరిపోతే సిలబస్ ఎలా పూర్తవుతుందన్న ఆందోళన న్యాయమైనదే. జపాన్‌లోనూ ప్రతి పాఠమూ ఇలా సాగదు, అభ్యాసానికి వేరే సమయం ఉంటుంది. అయితే ఎంచుకున్న సమస్య సత్తువ గలదైతే ఆ ఒక్కటే చాలా దూరం తీసుకుపోతుంది. గట్టు లెక్క తేలాక అదే తరగతికి, వైశాల్యం మారకుండా చతుర్భుజాన్ని త్రిభుజంగా మార్చమని ఇచ్చారు. పొలం బొమ్మను మాత్రమే గుర్తుంచుకున్నవారు ఇక్కడ ఆగిపోతారు. కారణం పట్టుకున్నవారు కర్ణం గీసి, మిగిలిన ఒక శీర్షం గుండా దానికి సమాంతర రేఖ లాగుతారు, ఆ వెంటనే పంచభుజిని ముందు చతుర్భుజంగా, ఆపైన త్రిభుజంగా మార్చవచ్చునని తామే కనిపెడతారు.