పగటి నిద్రకు కాపలా

టేకులపల్లి మండలమందలి కోయగూడెం ఓపెన్‌కాస్టులో రాత్రి షిఫ్టు ముగించి, కనుబొమలనిండ బొగ్గుధూళితో తెల్లవారి ఇల్లు చేరు డంపరు ఆపరేటరు, ఊరంతయు మేల్కొను వేళ నిద్రకు ఉపక్రమింపవలసినవాడు. 1889లో ఇల్లెందున బొగ్గుత్రవ్వకము మొదలైననాటినుండి ఈ నేల గనిపనిని ఎరుగును గాని, పగటినిద్రను ఒక సాధనగా ఎంచుట ఇంకను పూర్తిగా నేర్వలేదు.

మా వాడలో ఒక యిల్లాలు నేర్చినది. భర్త నడుము వాల్చగానే ఆమె కిటికీకి నల్లకంబళి వ్రేలాడదీయును; సెల్‌ఫోను తనయొద్ద ఉంచుకొనును; పిల్లలు గోల చేసినచో, "అరవకుండ్రి, నాయిన రాత్రి డ్యూటీ చేసొచ్చిండు" అని మందలించును. ఆమె చేయుచున్నది శాస్త్రసమ్మతమైన చికిత్స యని నా విశ్వాసము. ఏలయన, కంటబడిన వెలుతురు మెదడునందలి దేహగడియారమునకు పగటివార్త నందించును, నిద్రకు తోడ్పడు మెలటోనిన్ ఊరుట తగ్గిపోవును. అందుచేతనే పగటినిద్ర కురుచ, పలుచన. ఆ గడియారము కణములలో నడచు తీరును వెలికి తీసినందులకు 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అను మువ్వురికి నోబెల్ బహుమతి లభించినది. ఏండ్లతరబడి నిద్ర కొరవడినచో రక్తపోటు, మధుమేహము, హృద్రోగముల ముప్పు హెచ్చును. అడవిపందుల భయమున మంచెలెక్కి రాత్రులు జాగారము చేయు మొక్కజొన్న రైతునకును ఇదే గతి. అతని నిద్రను లెక్కించువాడే లేడు.

గురక విషయమున మాత్రము ఆ యిల్లాలితో సహా అందరము పొరబడుచున్నాము. పెద్దగా గురకపెట్టువానిని చూచి "ఒళ్లెరుగక పండిండు" అని సంతోషింతుము. ఆ గురక నడుమ హఠాత్తుగా నిశ్శబ్దమేర్పడి, ఊపిరి పది సెకండ్లో అంతకుమించియో నిలిచి, ఉలికిపాటుతో మరల అందుచుండినచో అది గాఢనిద్ర కాదు, స్లీప్ ఆప్నియా. గొంతుకండరములు సడలి శ్వాసమార్గము మూసికొనుట. ఇప్పసారా త్రాగి పండుకొన్నచో ఆ సడలింపు ఇంకను హెచ్చును. ఉదయపు తలనొప్పి, పగటి కునుకుపాట్లు, మందులకు లొంగని బీపీ దాని జాడలు. వేకువజామున, దేహమే నిద్రకు మొగ్గు ఘడియలో, కొండంత డంపరు నడుపువానికి అట్టి కునుకు ఎంత ప్రమాదమో వేరుగ చెప్పనక్కరలేదు. నిద్రపరీక్షతో దీనిని నిర్ధారింపవచ్చును. సీప్యాప్ యంత్రము ముక్కుద్వారా గాలిని ఒత్తిడితో పంపి ఆ మార్గమును తెరచియుంచును.

అయితే ఊపిరి నిలిచిన సంగతి నిద్రించువానికి తెలియదు. ఆయన ఒంటరిగా డాక్టరునొద్దకు పోయినచో తలనొప్పి సంగతి మాత్రమే చెప్పి, బీపీ మాత్రలు వ్రాయించుకొని వచ్చును. భార్య ఆ గురకను ఫోనులో రికార్డు చేసికొని వెంటపోయినచో, డాక్టరు నిద్రపరీక్ష మాట ఎత్తును.