డ్రైవరు దొరికితే సరిపోతుందా?

కారు అదుపు తప్పి దుకాణంలోకి దూసుకెళ్లిందన్న వార్త ఏ ఊరి నుంచి వచ్చినా చివరి వాక్యం ఒకేలా ఉంటుంది. డ్రైవర్‌పై కేసు నమోదు చేసి పోలీసులు దర్యాప్తు చేస్తున్నారు అని. తాగి నడిపాడో, కునికిపాట్లు పడ్డాడో, అసలు లైసెన్సే లేదో తేలితే చాలు, ఇక అడగాల్సింది ఏమీ లేదనుకుంటాం. నాకు అక్కడే పేచీ. డ్రైవరు తప్పు చేశాడన్నది దర్యాప్తులో మొదటి పేజీ మాత్రమే. ఆ తప్పు ఒక ఇనుప స్తంభం దగ్గర ఆగుతుందా, టీ తాగుతూ నిలబడ్డ మనిషి మీద ఆగుతుందా అన్నది చాలా ముందే తేలిపోయి ఉంటుంది. తేల్చేది రోడ్డు గీసినవాళ్లు, దుకాణం కట్టినవాళ్లు, ఆ రెంటికీ అనుమతి ఇచ్చినవాళ్లు. రెండో పేజీ వాళ్లది. దాన్ని ఎవరూ తిప్పడం లేదు.

అమెరికాలో ఒక దావా ఆ పేజీని బలవంతంగా తెరిపించింది. షికాగో శివారులోని బెన్సెన్‌విల్‌లో 2017లో ఒకాయన సెవెన్-ఇలెవెన్ దుకాణం బయట నిలబడి ఉన్నాడు. పార్కింగులోని కారు డ్రైవరు బ్రేకు అనుకుని యాక్సిలరేటర్ తొక్కాడు. ఆయన రెండు కాళ్లూ పోయాయి. 2023లో ఆ దావా 9.1 కోట్ల డాలర్ల రాజీతో ముగిసింది. ఆ సొమ్ము కన్నా దావాలో బయటపడ్డ లెక్క పెద్దది. ఆ ఒక్క కంపెనీ దుకాణాల్లోకే 15 ఏళ్లలో 6,253 సార్లు వాహనాలు దూసుకొచ్చాయి. అంటే సగటున రోజుకు ఒకటికి పైనే. కంపెనీ మాత్రం తప్పు నిర్లక్ష్యంగా నడిపిన డ్రైవరుదని, తమ దుకాణం స్థానిక భవన నిబంధనలన్నీ పాటించిందని చెప్పుకుంది. రెండూ నిజమే అనుకుందాం. నిబంధనలు పాటిస్తూనే రోజుకొక కారు చొప్పున గుద్దించుకుంటున్నారంటే ఆ నిబంధనలనే బోనెక్కించాలి.

దగ్గరికి వెళ్లి చూస్తే లోపం చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఈ దుకాణాలన్నీ దాదాపు ఒకే అచ్చు. ముందు గోడంతా అద్దం, అద్దం ముందు సన్నటి నడవ, ఆ నడవకు కారు ముక్కు ఆనేలా ఎదురుగా గీసిన పార్కింగ్ గళ్లు. బండికీ లోపలి కౌంటరుకీ మధ్య అడ్డంగా ఉండేది కొన్ని అంగుళాల సిమెంటు గట్టు. కారు ఆపబోతున్నప్పుడు కాలు కాస్త పక్కకు పడుతుంది, బండి ముందుకు ఉరుకుతుంది. తొక్కుతున్నది బ్రేకే అన్న నమ్మకంతో ఉన్న మనిషి కంగారులో ఇంకా గట్టిగా తొక్కుతాడు. చక్రం ఆ గట్టెక్కి దిగడానికి క్షణం పట్టదు. ఇది తాగుబోతులో, పోకిరీలో మాత్రమే చేసే పని కాదు, ఎవరికైనా జరగవచ్చు. ఇలాంటి పెడల్ పొరపాట్ల వల్ల ఏటా దాదాపు 16,000 ప్రమాదాలు జరుగుతున్నాయని అక్కడి రహదారి భద్రతా సంస్థ అంచనా. అదే నడవ అంచున కాంక్రీటు నింపిన ఉక్కు గొట్టాలను లోతుగా పాతి ఉంటే అదే పొరపాటు బంపరు సొట్టతో పోతుంది. ఆ స్తంభాలు ఎంత దెబ్బకు ఆగుతాయో తేల్చే పరీక్షా ప్రమాణం కూడా 2014 నుంచి ఉంది. 5,000 పౌండ్ల బండితో గంటకు 10, 20, 30 మైళ్ల వేగంతో గుద్దించి చూస్తారు. విద్య తెలుసు, వస్తువు ఉంది, కట్టాలన్న నిర్బంధం మాత్రం చాలా ఊళ్లలో లేదు. ఆ కౌంటర్ల వెనుక నిలబడేవాళ్లలో మన తెలుగువాళ్లూ చాలామందే ఉన్నారు కాబట్టి ఇది మనకు పరాయి గొడవేమీ కాదు.

దుకాణం ముందున్న లోపమే కూడలికి వచ్చేసరికి పెద్దదవుతుంది. తిన్నగా వచ్చే రోడ్డు ఎదురుగా ఉన్న ఇంటికి వీధిపోటు అని మనవాళ్లు భయపడతారు, గోడకు వినాయకుడి బొమ్మ పెట్టుకుంటారు. నమ్మకం సంగతి ఎలా ఉన్నా ఆ చోటుకు ప్రమాదం ఉందన్న గమనిక సరైనదే. మలుపు తిరగలేని బండి తిన్నగా వచ్చేది అక్కడికే. ఇక మలుపే బలిగొన్న చోటు హైదరాబాద్‌లో ఉంది. బయోడైవర్సిటీ కూడలి ఫ్లైఓవర్‌ను 2019 నవంబరులో తెరిచారు. అదే నెల 23న ఒక కారు వంపులో అదుపు తప్పి, గోడ దాటి కింద పడింది. కింద రోడ్డు పక్కన ఉన్న మహిళ చనిపోయింది. అక్కడ వేగ పరిమితి 40 కిలోమీటర్లయితే కారు 100 దాటి వచ్చిందని తేల్చారు. డ్రైవరు నేరంలో సందేహం లేదు. కానీ వంతెనను మూసి, నిపుణులకు చూపించి, వేగం తగ్గించే ఏర్పాట్లు చేసి 2020 జనవరిలో మళ్లీ తెరిచారు. ఆ ఏర్పాట్లు రెండు నెలల తర్వాత అవసరమైతే మొదటి రోజునే ఎందుకు అవసరం కాలేదు?

దేశం మొత్తం లెక్క తీసినా ఇదే ప్రశ్న ఎదురవుతుంది. 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అందులో 71 శాతానికి పైగా మరణాలకు అతివేగమే కారణమని కేంద్రం నివేదిక చెబుతోంది. ఈ అంకె చూపించి, ఇంకేం చర్చ, జనాన్ని అదుపులో పెట్టండి అంటారు. కానీ ప్రమాద నివేదికలో కారణం అన్న గడి నింపేది ఘటనా స్థలానికి వెళ్లిన పోలీసు. వంపు ఎంత, చూపు ఎంత దూరం ఆనుతుంది, డివైడర్‌కు గండి ఎవరు కొట్టారు అన్నవి కొలవడం ఆయన పని కాదు. పైగా అదే ప్రభుత్వం బ్లాక్ స్పాట్ అన్నదాన్నీ ఒప్పుకుంది. జాతీయ రహదారి మీద సుమారు 500 మీటర్ల ముక్కలో మూడేళ్లలో మరణాలో తీవ్ర గాయాలో అయిన ప్రమాదాలు ఐదు జరిగినా, పది మంది చనిపోయినా ఆ చోటుకు ఆ పేరు పెడతారు. డ్రైవర్లు మారుతున్నారు, బళ్లు మారుతున్నాయి, చోటు మాత్రం అదే. తప్పంతా మనుషులదే అయితే చోటుకు పేరెందుకు?

ఇలా మాట్లాడితే డ్రైవర్లను వెనకేసుకొస్తున్నారంటారు. శిక్ష పడాల్సిందే, అందులో రాజీ లేదు. అయితే శిక్ష జరిగిపోయిన దానికి, స్తంభం జరగబోయే దానికి. తీగ ముట్టుకోకూడదని ఇంట్లో అందరికీ తెలిసినా ఎంసీబీ పెట్టించుకుంటాం కదా. వృద్ధుల లైసెన్సులు తీసేస్తే పోతుందనేవాళ్లు జపాన్‌ను చూడాలి. పెద్దవయసు వాళ్ల పెడల్ పొరపాట్లు అక్కడ పెద్ద చర్చ అయ్యాయి. చివరికి ఆ దేశం 2028 సెప్టెంబరు నుంచి కొత్త ఆటోమేటిక్ కార్లలో ఆ పొరపాటును అడ్డుకునే ఏర్పాటు తప్పనిసరి చేసింది. స్తంభాలు వీల్‌చెయిర్లకు అడ్డమన్న అభ్యంతరానికి కొలతే జవాబు. వీల్‌చెయిర్‌కు మూడడుగుల దారి చాలు, కారు వెడల్పు దాదాపు ఆరడుగులు. నాలుగడుగుల ఎడంలో పాతితే ఒకటి వెళుతుంది, ఇంకొకటి ఆగుతుంది.

అన్నిటికన్నా బలమైన అభ్యంతరం, మనవాళ్లకు క్రమశిక్షణ లేదు, ఎంత బాగా గీసినా దండగ అన్నది. నా వాదనకు ఇదే పెద్ద ఆధారం. క్రమశిక్షణ తక్కువైన చోట రోడ్డే మనిషిని నెమ్మది చేయాలి. నాలుగు రోడ్ల కూడలిలో బళ్ల దారులు ఒకదాన్నొకటి తాకే చోట్లు 32 ఉంటాయి, రౌండ్‌అబౌట్‌లో ఎనిమిదే. లోపలికి వచ్చే దారిని వంచి కట్టడం వల్ల వేగం దానంతట అదే పడిపోతుంది. అమెరికాలో మామూలు కూడళ్లను ఇలా మార్చిన చోట్ల జనం గాయపడే ప్రమాదాలు నాలుగింట మూడు వంతులు తగ్గాయి. అక్కడి ఇండియానా రాష్ట్రంలోని కార్మెల్ ఊళ్లోనే రౌండ్‌అబౌట్లు 150కి పైగా ఉన్నాయి. మన సర్కిళ్లు ఇరుక్కుపోతున్నాయి కదా అంటే, బ్రిటన్‌లోనూ ఒకప్పుడు అలాగే ఇరుక్కునేవి. 1966లో లోపల తిరుగుతున్న బండికే ముందు దారి అన్న నియమం తెచ్చాకే అవి పనిచేశాయి. మనం మాత్రం నడిమధ్య విగ్రహం పెట్టి, చుట్టూ ఆటోస్టాండ్ వదిలి, దాన్నే సర్కిల్ అంటున్నాం. యూటర్న్‌ను కిలోమీటరు అవతల పెట్టి, రాంగ్ రూట్లో వస్తున్నారని చలానా రాస్తున్నాం.

చట్టం లేదనడానికి వీల్లేదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 198ఏ సెక్షన్ ప్రకారం, ప్రమాణాలు పాటించకుండా రోడ్డు డిజైన్ చేసినా, కట్టినా, నిర్వహించినా, దానివల్ల ప్రాణం పోయినా వైకల్యం కలిగినా బాధ్యులైన అధికారికి, కాంట్రాక్టరుకు, కన్సల్టెంటుకు లక్ష రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. ఒక ప్రాణానికి లక్ష ఏ మూలకూ సరిపోదు. అయినా ఆ సెక్షన్ ఒక ఒప్పుకోలు. రోడ్డు కూడా నేరం చేయగలదని పార్లమెంటు అంగీకరించింది. ఇక చేయాల్సింది ఒకటుంది. ప్రాణం పోయిన ప్రతి ప్రమాద స్థలానికీ పోలీసుతో పాటు ఆ రోడ్డు ఇంజనీరు కూడా వెళ్లాలి. ఆయన కొలతలు ఎఫ్ఐఆర్‌తో పాటు జనం ముందుకు రావాలి. మీ ఊళ్లో ఈసారి ఏ కారైనా దుకాణంలోకి దూరితే, డ్రైవరు ఎవరని అడిగిన తర్వాత ఆ రోడ్డుకు, ఆ దుకాణానికి అనుమతి ఇచ్చింది ఎవరని కూడా అడగండి.