5.6 ఇంటెల్ 8085 రూపకల్పన: ఒక విమర్శనాత్మక పరిశీలన

గత భాగాల్లో మీరు 8085 రిజిస్టర్లను, ఆదేశాలను తెలుసుకున్నారు. ఇప్పుడు ఈ రూపకల్పన ఎంత మంచిదో, 1976 నాటి చిప్‌ను ఈనాడు ఎందుకు చదవాలో పరిశీలిద్దాం. మీలో కొందరు విశాఖ ఉక్కు కర్మాగారంలోనో, పోర్టులోనో షిఫ్టు డ్యూటీ చేస్తూ చదువుతూ ఉండవచ్చు. తీరిక తక్కువగా ఉన్నవారికి ఈ ప్రశ్న ముఖ్యమైనది.

5.6.1 గుణాలు

1974లో వచ్చిన 8080కి +5, −5, +12 వోల్టుల మూడు సరఫరాలు కావాలి. క్లాక్ కోసం ఒక చిప్, నియంత్రణ సంకేతాల కోసం మరొక చిప్ అదనం. 8085కి +5 వోల్టులు చాలు. ఆ రెండు చిప్‌ల పనినీ అదే చేసుకుంటుంది.

రెండో గుణం ఇంటరప్టుల అమరిక. పోర్టులో ఇనుప ఖనిజాన్ని ఓడలకు చేర్చే కన్వేయర్‌ను 8085 నియంత్రిస్తోందని ఊహించండి. చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడు సెన్సార్ ఇచ్చే సంకేతం క్షణికం. ఆర్‌ఎస్‌టీ 7.5 దాన్ని పట్టి గుర్తుంచుకుంటుంది. మోటారు వేడెక్కితే వచ్చే సంకేతం నిలిచి ఉంటుంది. దానికి ఆర్‌ఎస్‌టీ 6.5 సరిపోతుంది. విద్యుత్ పోతే ట్రాప్ ఉంది. దాన్ని ప్రోగ్రాం ద్వారా ఆపలేం.

5.6.2 లోపాలు

పిన్నులు 40 మాత్రమే కావడంతో, అడ్రసులోని కింది 8 బిట్లు, డేటా ఒకే తీగలపై వంతులవారీగా నడుస్తాయి. ఇంటెల్ వారి 8155, 8755 వంటి చిప్‌లతో ఇది ఇబ్బంది కాదు. సాధారణ మెమరీ వాడితే మాత్రం అడ్రసును నిలిపి ఉంచడానికి ఒక లాచ్ కలపాలి. అంటే తగ్గించిన చిప్‌లలో ఒకటి తిరిగి వచ్చినట్లే.

గుణకార, భాగహార ఆదేశాలు లేవు. అదే ఏడాది వచ్చిన జైలాగ్ జెడ్80లో ఇండెక్స్ రిజిస్టర్లు ఉన్నాయి, 8085లో లేవు. ఇంకా గమనించదగ్గది, కొత్తగా చేర్చిన 12 ఆదేశాల్లో రిమ్, సిమ్ అనే రెండింటినే ఇంటెల్ ప్రకటించింది. మిగిలిన 10 చిప్‌లో ఉన్నా మాన్యువల్‌లో లేవు. వాడుకరి దృష్టితో చూస్తే ఇది పెద్ద లోపమే.

5.6.3 ప్రభావం

1978 నాటి 8086లో పాత అసెంబ్లీ ప్రోగ్రాంలను మార్చుకొనే వీలు కల్పించారు. హెచ్‌ఎల్ జంట స్థానంలో బీఎక్స్, బీసీ స్థానంలో సీఎక్స్, డీఈ స్థానంలో డీఎక్స్ వచ్చాయి. 8086కు దగ్గరి బంధువైన 8088 చిప్‌నే 1981లో ఐబీఎం పర్సనల్ కంప్యూటర్‌లో వాడారు. అయితే ఈ వారసత్వం ప్రధానంగా 8080ది. దాన్ని 8085కు ఆపాదించడం సరికాదు. 8085 సొంత బలం చిన్న నియంత్రణ పరికరాల్లో కనిపిస్తుంది. 1997లో అంగారకునిపై తిరిగిన సోజర్నర్ రోవర్‌లో ఉన్నది 80సీ85.

5.6.4 మీకు ఉపయోగం

3 మెగాహెర్ట్‌జ్ క్లాక్‌తో ఎంఓవీ ఎ,బి ఆదేశానికి 4 టీ-స్థితులు, అంటే సుమారు 1.33 మైక్రోసెకన్లు పడుతుంది. ప్రయోగశాల అందుబాటులో లేకపోయినా కాగితంపైనే ఈ లెక్క కట్టవచ్చు. నేటి ప్రాసెసర్లలో కాష్, పైప్‌లైన్ ఉండటం వల్ల ఇంత సులభంగా లెక్క కుదరదు. కాబట్టి 8085ను ఉద్యోగానికి పనికొచ్చే పరికరంగా కాక, యంత్రం అడుగడుగునా ఏం చేస్తుందో చూపే నమూనాగా చదవండి. ఆదేశాల సంకేత సంఖ్యలను కంఠస్థం చేయడంకన్నా ఒక ఇంటరప్టును మొదటినుంచి చివరిదాకా అనుసరించడం మేలు.

మీ ప్రగతిని సరిచూసుకోండి

1. క్షణిక సంకేతానికి ఆర్‌ఎస్‌టీ 6.5 కంటే ఆర్‌ఎస్‌టీ 7.5 ఎందుకు తగినది?
2. "8085 చిప్‌ల సంఖ్యను తగ్గించింది." ఈ వాక్యంతో మీరు ఎంతవరకు ఏకీభవిస్తారు?